వీ-ఫిట్టింగూ, కోబ్రా కారూ, ఒక పెట్రోలు మూత

పోయిన శనివారం సాయంత్రం మా పక్కింటి పెద్దాయన తన పాత నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో "పెట్రోలు మూత బిగించడం అయింది" అని ఒక లైను, పక్కన కొంచెం ఖాళీ. "పని చేసింది నువ్వు, సంతకం నువ్వే పెట్టాలి" అన్నాడు. పెన్ను తీసుకున్నాను గానీ చెయ్యి కదల్లేదు.

ఆఫీసులో రోజుకి పది చోట్ల 'అప్రూవ్డ్' అని నొక్కేవాణ్ణి. సగం చదవకుండానే నొక్కుతాను (మనలో మాట, మీరు మాత్రం?). అలాంటిది జానెడు మూతకి సంతకం పెట్టడానికి ఇంత ఆలోచనేంటి అనుకోవచ్చు. అది చెప్పాలంటే ముందు ఆ కారు గురించి చెప్పాలి, తర్వాత బీటెక్ ఫస్టియర్లో నేను చేసిన ఒక చిన్న మోసం గురించి కూడా చెప్పాలి.

కారు పేరు కోబ్రా. మా రూమ్మేటుకి చెప్తే "ఇంకా కోబాల్ మీద పని చేసేవాళ్ళున్నారా?" అన్నాడు. మా వాళ్ళతో ఇదే గొడవ. 1959లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన కారల్ షెల్బీ అనే అమెరికన్ ఉండేవాడు. రేసుల్లోకి రాకముందు కోళ్ళ ఫారం పెట్టి చేతులు కాల్చుకున్నాడు. గుండె జబ్బు వల్ల రేసులు మానేసాక, ఇంగ్లండులో ఏసీ కార్స్ అనే చిన్న కంపెనీ వాళ్ళ తేలికైన కారులో అమెరికా వీ8 ఇంజను పెడితే ఎలా ఉంటుంది అని అడిగాడు. అటు ఫోర్డుని ఇంజన్లు అడిగాడు. 1962కల్లా మొదటి కారు తయారు. ఉన్నది ఆ ఒక్కటే. పత్రికల వాళ్ళు నడిపి చూడ్డానికి వచ్చినప్పుడల్లా దానికే కొత్త రంగు వేయించి ఇచ్చేవాళ్ళట, చాలా కార్లు ఉన్నాయనుకోవాలని. మన భాషలో చెప్పాలంటే డెమో బిల్డ్ అన్నమాట :) ఆ ఒక్క కారే 2016లో వేలంలో కోటీ ముప్పై ఏడున్నర లక్షల డాలర్లకి పోయింది.

1965లో దీన్నే ఇంకా వెడల్పు చేసి 427 ఇంజను, అంటే ఏడు లీటర్లది, పెట్టారు. అన్ని రకాలూ కలిపినా ఆ రోజుల్లో తయారైన అసలు కోబ్రాలు వెయ్యికి అటూ ఇటూ. కొనగలిగే వాళ్ళు ఎంతమంది ఉంటారు? అందుకే అమెరికాలో నకలు కోబ్రాల సంప్రదాయం ఒకటి పుట్టింది. ఉక్కు గొట్టాల చట్రం, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, ఫోర్డు ఇంజను. పెట్టెల్లో సామాను వస్తుంది, గ్యారేజీలో కూర్చుని బిగించుకోవాలి. ఇప్పుడు రోడ్డు మీద కనపడే కోబ్రాల్లో అసలువి చాలా తక్కువ, నకళ్ళే ఎక్కువ. ఎవరూ దాచిపెట్టరు కూడా. "నేనే కట్టాను" అని చెప్పుకోవడమే గొప్ప.

మేముండేది డెట్రాయిట్ దగ్గర. ఇక్కడ రిటైరైన ప్రతి మూడో మనిషీ ఏదో ఒక కార్ల ఫ్యాక్టరీలో చేసినట్టే ఉంటాడు. మా పెద్దాయన డైలు చేసేవాడు, అంటే ఉక్కు రేకుని నొక్కి బాడీ ముక్కలు చేసే అచ్చులు. పేరు పెట్టి పిలవమంటాడు, డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, 'సర్' అంటే ఆయనకి నచ్చదు. మూడేళ్ళ నుంచీ 'హలో' తోటే లాగిస్తున్నాను. మంచు తవ్వే రోజుల్లో మొదలైన పరిచయం. కారు కట్టడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఇంజను తిరుగుతుంది, నంబరు ప్లేటు కూడా వచ్చింది, రంగు మాత్రం ఇంకా వెయ్యలేదు. ఈ మధ్య ఆయనకి చేతులు వణుకుతున్నాయి. నట్లు బిగిస్తాడు, గీత మీద కొయ్యలేడు. అందుకే వేసవి మొదట్లో నన్ను పిలిచి "నువ్వు మెకానికల్ ఇంజినీరువి కదా" అన్నాడు.

అవును, సర్టిఫికెట్టు ప్రకారం!

ఇలాంటి కార్లకి మామూలుగా వెనక కుడి ఫెండరు పైన, పాత రేసు కార్లకి ఉన్నట్టు, మెరిసే పెద్ద మూత ఒకటి బయటికే కనపడుతూ ఉంటుంది. ఆయనకి అది వద్దు. మన మారుతీ కారుకి ఉన్నట్టు బాడీలో కలిసిపోయే చిన్న తలుపు కావాలి. మూసేస్తే గీత తప్ప ఏమీ కనపడకూడదు. కొనే తలుపులు ఈ ఫెండరుకి పనికిరావు. ఎందుకంటే ఈ ఫెండరు ముందు నుంచి వెనక్కీ వంపే, పై నుంచి కిందకీ వంపే. వేరే కారు తలుపు తెచ్చి పెడితే ఒక మూల లేస్తుంది, ఇంకో మూల దిగుతుంది. మిగిలింది ఒకటే దారి. ఫెండరులోంచే ముక్క కోసి, ఆ ముక్కనే తలుపు చెయ్యాలి. అప్పుడు వంపు దానంతటదే సరిపోతుంది. కానీ ముక్క పాడైతే తలుపూ పోయినట్టే, కన్నం పాడైతే ఫెండరూ పోయినట్టే.

ఇక్కడ మన ఫస్టియర్ వర్క్‌షాపు దగ్గరికి వెళ్ళాలి.

మీకూ గుర్తుండే ఉంటుంది. ఫిట్టింగు, కార్పెంటరీ, టిన్ స్మితీ, హౌస్ వైరింగు. ఫిట్టింగులో రెండు ఇనప ముక్కలిచ్చి, ఒకదానికి 'వీ' ఆకారంలో గాడి, రెండోదానికి అందులో కూర్చునే ముక్కు చెయ్యమంటారు. హాక్సాతో కొయ్యాలి, వైసులో బిగించి ఆకురాయితో అరగదియ్యాలి. రెండూ కలిపి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెడితే మధ్యలోంచి వెలుతురు రాకూడదు. నేను రెండు క్లాసులు అరగదీసి, చేతులు బొబ్బలెక్కించుకుని, చివరికి కలిపి చూస్తే వెలుతురు కాదు కదా, అవతలున్న మా వాడి మొహమే కనపడింది. ఆ రాత్రి హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర ఆయన పాత ముక్కలు తీసుకున్నాను. ఎమెరీ పేపరుతో ఆయన నంబరు రుద్దేస్తే కింద ఇంకో నంబరు మసగ్గా కనపడింది. ఆయనా ఎవరి దగ్గరో తీసుకున్నవే! నా నంబరు పంచితో కొట్టి ఇచ్చేసాను. రికార్డులో చివరి లైను: "కావలసిన కొలతలతో వీ-ఫిట్ తయారుచేయబడినది". ఎవరిచేత తయారుచేయబడినదో రాయక్కర్లేదు, అదీ దాని సౌకర్యం. మంచి మార్కులొచ్చాయి. తర్వాత సాఫ్ట్‌వేర్లోకి వచ్చేసాను, మళ్ళీ ఆకురాయి పట్టలేదు.

పదకొండేళ్ళ తర్వాత అదే వీ-ఫిట్టింగు, ఈసారి సొంతవాడి తొమ్మిదేళ్ళ కష్టం మీద.

ముందు అట్టముక్కతో నమూనా చేసాం. ఫెండరు మీద రంగు టేపు వేసి దాని చుట్టూ గీసాం. దూరంగా వెళ్ళి చూడ్డం, ఒక అంగుళం జరపడం, మళ్ళీ చూడ్డం. పెద్దాయన దీనికే రెండు వారాలు తీసుకున్నాడు. లోపల చక్రం ఎక్కడుంది, ట్యాంకుకి గొట్టం ఎలా దిగుతుంది, మధ్యలో ఎక్కడైనా వాలు పోయి పెట్రోలు నిలిచిపోతుందా, ఇవన్నీ కొయ్యకముందే చూసుకోవాలి. మామూలుగా అయితే మూలల్లో డ్రిల్లుతో కన్నాలు పెట్టి రంపం దింపుతారు. ముక్క మనకే కావాలి కాబట్టి ఇక్కడ అది కుదరదు. సన్నటి కటింగ్ డిస్కుతో తిన్నటి అంచుల్లో గాటు పెట్టి, మూలలు హాక్సా బ్లేడుతో చేత్తో కొయ్యాలి. ఫైబర్‌గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఒంటికి తగిలితే దురదగుండాకు లెక్క. మాస్కూ, కళ్ళద్దాలూ, పొడుగు చేతుల చొక్కా తప్పవు.

మూడు అంచులు బాగానే వచ్చాయి. నాలుగో దానిలో సగం అయ్యాక డిస్కు గీత దాటి బయటికి, ఫెండరులోకి, నాలుగు మిల్లీమీటర్లు తినేసింది. అరక్షణం కూడా పట్టలేదు. నా చెయ్యి అలవాటుగా గాల్లో కంట్రోల్-జెడ్ కోసం వెతికింది అంటే నమ్ముతారా?

పెద్దాయన ఏమీ అనలేదు. వంగి చూసాడు. లోపలికెళ్ళి రెండు కాఫీలు తెచ్చాడు. తాగాక "ఇది ఉక్కు కాదు, పెంచచ్చు" అన్నాడు. వెనక వైపు అంచుని వాలుగా పల్చగా అరగదీసి, గాజుపీచు మ్యాటు మూడు పొరలు రెసిన్‌తో వేసాం. మర్నాటికి గట్టిపడింది. తర్వాత నా చేతికి ఆకురాయి ఇచ్చాడు. మిషను కాదు, ఆకురాయి. "ఇప్పుడు నువ్వు తప్పు చెయ్యాలన్నా చెయ్యలేవు, అంత నెమ్మదిగా పోతుంది" అన్నాడు.

నాలుగు సాయంత్రాలు పట్టింది. తలుపుకీ ఫెండరుకీ మధ్య సందు చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఒకేలా ఉండాలి. ఇంకా సన్నగా ఉంటే బాగుంటుంది కదా అన్నాను. రంగు వేసాక రెండంచులూ కాస్త లావెక్కుతాయట, అప్పుడు తలుపు పట్టేసి పెచ్చులూడుతుంది. బందు బిగించాక ఇంకో సంగతి తెలిసింది. మన ఇంటి తలుపులకి బందు బయటికి ఉంటుంది కాబట్టి తలుపు హాయిగా తిరుగుతుంది. ఇక్కడ బందు కనపడకూడదు, లోపల దాక్కోవాలి. అలా చేస్తే తెరిచేటప్పుడు బందు వైపు అంచు లోపలికి తిరిగి ఫెండరుకి తగులుతుంది. అందుకే బందుకి హంస మెడలాంటి వంపు ఉన్న చెయ్యి వాడతారు, ఆ వైపు అంచుని లోపల్నుంచి ఏటవాలుగా అరగదీస్తారు. తెరవడం, ఎక్కడ తగిలిందో చూడ్డం, రెండుసార్లు రుద్దడం, మళ్ళీ తెరవడం. ఫస్టియర్లో ఎవరైనా నాకు ఇంత ఓపిగ్గా చెప్పి ఉంటే.. అని రాద్దామనుకున్నాను గానీ, చెప్పే ఉంటారు. వినలేదు నేను.

చివరికి శుక్రవారం రాత్రి మూస్తే 'టక్' అని కూర్చుంది. వేలితో చుట్టూ రాసి చూసాను, ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే!

ఇక శనివారం, నోటుపుస్తకం. ఆదివారం పొద్దున్న మొదటిసారి బంకుకి తీసుకెళ్ళి ట్యాంకు నింపాలని ఆయన ప్లాను. పెన్ను పట్టుకున్నాక ఆ ఇనప ముక్క మీద మసగ్గా కనపడ్డ నంబరు గుర్తొచ్చింది. "బిగించడం అయింది". అయిందా? మూత అయితే బిగిసింది. కానీ మూత కింద ఏముందో నేను ఒక్కసారైనా పరీక్ష చేసానా? "ఒక్క అరగంట ఆగుతారా?" అన్నాను.

మూత తెరిస్తే లోపల ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, దాని మధ్యలో అల్యూమినియం మెడ, ఆ మెడకి మరమూత. పెట్రోలు పోసేటప్పుడు నాలుగు చుక్కలు గిన్నెలో పడతాయి, వానొస్తే నీళ్ళూ చేరతాయి. అవి పోవడానికి గిన్నె అడుగున సన్న గొట్టం. మెడకి మరమూత పెట్టే ఉంచి, గిన్నెలో గ్లాసుడు నీళ్ళు పోసాను. కింద నేల మీద పడాలి కదా? పడింది, చక్రం ముందు. కోబ్రాకి పొగగొట్టాలు పక్కల్నుంచి వచ్చి సరిగ్గా వెనక చక్రం ముందే ఆగుతాయి. అంటే ఒలికిన పెట్రోలు వెళ్ళి వేడి పొగగొట్టం పక్కన పడుతుంది. నేనే బిగించిన గొట్టం, ఎటు దగ్గరైతే అటు వదిలేసాను.

రెండోది ఇంకా భయం వేసింది. గొట్టాల్లో పారేటప్పుడు పెట్రోలు స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది. చలికాలంలో తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అదే. మామూలు కారులో మెడ ఉక్కు బాడీకి బిగించి ఉంటుంది కాబట్టి ఆ చార్జీ ఎప్పటికప్పుడు బాడీలోకి పోతుంది. ఇక్కడ బాడీ ఫైబర్‌గ్లాస్, గిన్నె ప్లాస్టిక్, మెడ నుంచి ట్యాంకుకి వెళ్ళే గొట్టం రబ్బరు. మధ్యలో ఆ మెడ ఒక ద్వీపంలా ఉంది. దాని మూతి దగ్గరే పెట్రోలు ఆవిరి. మల్టీమీటరు తెచ్చి ఒక కొస ట్యాంకుకి, ఒకటి చట్రానికి పెట్టాను, కూత వచ్చింది. ట్యాంకు కొస తీసి మెడకి పెట్టాను. కూత లేదు. మళ్ళీ పెట్టాను. లేదు.

ప్రతిసారీ మంట వస్తుందని కాదు. ఒక్కసారి చాలు కదా.

పెద్దాయనకి చూపించాను. మీటరు తీసుకుని తనే పెట్టి చూసాడు. చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాడు. "నేను నలభై ఏళ్ళు ఉక్కుతోటే చేసాను, తీగ వెయ్యాలని ఎప్పుడూ ఆలోచించాల్సిన పని రాలేదు" అన్నాడు. నన్ను కాదు, తనని తనే తిట్టుకున్నట్టు. రేపు పొద్దున్న బంకులో గన్ను పట్టుకుని నిలబడేది ఆయనే మరి.

అక్కడే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఒక పాత బ్యాచ్ జాబు తీసేసి కొత్త సర్వీసు పెట్టాం. స్పెసిఫికేషన్లో ఉన్నవన్నీ చేసాం, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, మేనేజర్లు కేకు కోసారు. మూడు వారాలకి డిస్కు నిండిపోయి అంతా ఆగిపోయింది. పాత జాబు రోజూ రాత్రి తన పని చేస్తూ పనిలో పనిగా టెంపరరీ ఫైళ్ళు కూడా తుడిచేసేదట. అది ఎక్కడా రాసి లేదు. ఎందుకు రాస్తారు, అదెప్పుడూ ఒక పనిలా కనపడితే కదా? ఉక్కు బాడీ కూడా అంతే. ఆకారం ఇవ్వడం దాని పని అని అందరికీ తెలుసు, అందుకని ఆకారాన్ని ఫైబర్‌గ్లాస్‌తో అచ్చు దింపేసాం. కానీ అది చడీ చప్పుడూ లేకుండా ఎర్తింగు కూడా చేస్తోందని, దాన్ని తీసేసినప్పుడు కదా తెలియాలి! నకలు తీసేటప్పుడు మనం కనపడేదే దింపుతాం. పాతది ఊరికే చేసిపెట్టిన పనుల జాబితా ఎవరి దగ్గరా ఉండదు. దాన్ని రాబట్టడమే అసలు పని అని ఇప్పుడనిపిస్తోంది. మన మైగ్రేషన్ ప్రాజెక్టుల్లో దానికి ఒక్క రోజు కూడా కేటాయించం. మూత నున్నగా కూర్చుంటే చాలు, చప్పట్లు.

రిపేరుకి గంట కూడా పట్టలేదు, అదీ విచిత్రం. మెడ స్క్రూ కింద చిన్న రింగు కొస పెట్టి, తీగ చట్రం దాకా లాగి, అక్కడ పెయింటు గీకి బిగించాను. మీటరు కూత వేసింది. ఆ కూత విని ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. గిన్నె గొట్టాన్ని చక్రం వెనక్కి, పొగగొట్టానికి దూరంగా తిప్పాను. ఈసారి రెండు గ్లాసులు పోసి చూసాను.

సంతకం పెట్టేముందు ఆయనకి వీ-ఫిట్టింగు కథ చెప్పేసాను. ఎందుకు చెప్పానో తెలీదు, చెప్పకపోతే ఆ లైను మీద పేరు రాయలేననిపించింది. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఆ ముక్క ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు.

"జూనియర్ ఒకడికి ఇచ్చాను. నా నంబరు రుద్దేసే ఉంటాడు."

"అయితే అది మంచి ముక్కే" అన్నాడు :)

నోటుపుస్తకంలో ఆ ఒక్క లైను కొట్టేసి మూడు లైన్లు రాసాను. మూత. గొట్టం. తీగ. మూడింటికీ విడివిడిగా సంతకం పెట్టాను.

ఆదివారం బంకులో గన్ను ఆయనే పట్టుకున్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడ్డాను, చెప్పొద్దూ, గుండె దడదడలాడింది. పెట్రోలు గన్ను మొన దగ్గర ఒక చిన్న కన్నం ఉంటుంది, ఎప్పుడైనా చూసారా? దాంట్లోంచి గాలి పీలుస్తూ ఉంటుంది. పెట్రోలు అక్కడిదాకా వచ్చి కన్నం మూసుకుంటే లోపల వాక్యూమ్ పెరిగి గన్ను టక్కున ఆగిపోతుంది. మెడ వాలు సరిగ్గా లేకపోయినా, ట్యాంకులో గాలి బయటికి పోయే దారి లేకపోయినా పెట్రోలు వెనక్కి తన్ని ఊరికే ఆగిపోతూ ఉంటుంది. ఆ పరీక్ష ఇంట్లో చెయ్యడానికి కుదరలేదు. ఒక గాలను, రెండు, అయిదు, ఎనిమిది.. ఎక్కడా ఆగలేదు. నిండాకే ఒక్కసారి 'టక్'మంది.

ఆయన మరమూత తిప్పి, తలుపు మూసి, ఒకసారి అరచేత్తో ఫెండరంతా నిమిరాడు. వచ్చేటప్పుడు నన్ను నడపమన్నాడు. ఇల్లు రెండు మైళ్ళే. కానీ నేను కావాలనే చుట్టూ తిప్పి తీసుకొచ్చాను.